త్రినాథ్ సరిచేసిన అక్షరాలు

“సెవెంటీన్‌ని సంపేత్తారు త్రినాథూ,” అన్నాడు సూర్యనారాయణ.

ఊరికి ఆయన అనకాపల్లి బెల్లం మార్కెట్లో కమీషన్ వ్యాపారి. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి చీఫ్.

“సెవెంటీన్ ఎవరు సార్?”

“నువ్వు పన్జేత్తన్న రొయ్యల కంపెనీ మేనేజరు. దివ్య.”

తీరరక్షణ పటాలను దేశం దాటిస్తున్న విదేశీ ముఠాను పట్టుకోవడానికి, వెబ్ డిజైనర్ వేషంలో త్రినాథ్ ఆ కంపెనీలో చేరాడు. మేనేజరమ్మవి నల్ల కళ్లద్దాలు, పట్టుచీరలు, నిలువెత్తు సెంటు వాసన. ముఠాకి కుడిభుజం ఈమేనని ప్రతి రిపోర్టులోనూ రాశాడు.

“మన మనిషా! నాకెందుకు చెప్పలేదు?”

“తెలిత్తే నీ మొకమే సెప్పేత్తాది. ఆళ్లకి అనుమానం వచ్చి దాని ఫోను లాగేసుకున్నారు. కంపెనీ వెబ్‌సైట్లో రాసే పనొక్కటే ఒగ్గేరు. రోజూ అందులోంచే కబురెడతాది. ఇయ్యాల ఏటీ లేదు.”

“అందులోంచి ఎలా సార్?”

“ఫాంట్లో ఒక్కో అచ్చరానికి రెండో రూపం ఉంటాదంట కదా, తలకట్టు వంకర తిరిగినట్టు. రాసిందంతా రొయ్యల గురించే. వంకర అచ్చరాలు ఏరుకుని సదివితే కబురు.”

త్రినాథ్ చెవులు వేడెక్కాయి.

ఆ వంకర అక్షరాలను అతను పొద్దున్నే చూశాడు. చక్కని పేజీలో అక్కడొకటి, ఇక్కడొకటి. మేనేజరమ్మకు బొత్తిగా టేస్టు లేదని నవ్వుకున్నాడు. పేజీ రూపాన్ని నిర్ణయించే స్టైల్‌షీట్లో ఒకే ఒక్క లైను రాసి, ఆ రెండో రూపాలన్నీ ఆఫ్ చేశాడు. పేజీ కడిగిన ముత్యంలా ఉందని మురిసిపోయాడు కూడా. కళ్లెదుట ఉన్న కోడ్‌ని పట్టుకోలేని గూఢచారి! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఫీసుకు వెళ్లి గుట్టుగా ఆ లైను తీసేయవచ్చు. కానీ ఈలోగా ఆమె ప్రాణం పోతే?

“ల్యాప్‌టాప్ ఇవ్వండి సార్. చెరిపింది నేనే. చూడ్డానికి బాగాలేదని.”

సూర్యనారాయణ ల్యాప్‌టాప్ అతని ముందుకు తోశాడు. నాలుగు తిట్టినా బాగుండునని త్రినాథ్‌కి అనిపించింది. లైను డిలీట్ చేశాడు. రిఫ్రెష్ కొట్టాడు. అక్షరాలు ఒక్కొక్కటే మళ్లీ వంకర తిరిగాయి.

దొ, రి, కే, ను. పూ, డి, మ, డ, క. ఐ, సు, లా, రీ. సా, యం, త్రం.

“బండెక్కు,” అన్నాడు చీఫ్.

బెల్లం వ్యాన్ పూడిమడక సముద్రతీరం చేరేసరికి పొద్దు వాలుతోంది. ఒడ్డున ఐసు లారీ వెనక్కి వెళుతూ పడవను ఆనుకోబోతోంది. పడవ ఇంజిన్ అప్పటికే మోగుతోంది. సూర్యనారాయణ వ్యాన్‌ని సరిగ్గా ఆ రెండింటి మధ్యకు దూర్చాడు. లారీ క్యాబిన్‌లోంచి ముఠా నాయకుడు పిస్టల్‌తో దూకాడు.

దారిలో వేసుకున్న జాలరి వేషంలో, లుంగీ, తలకు తువ్వాలు, చేతిలో చేపల బుట్టతో త్రినాథ్ అడ్డం వెళ్లాడు.

“ఐసు ఎలాగిత్తావు దొరా?”

తెల్లదొర కళ్లు బుట్ట మీదికి మళ్లాయి. త్రినాథ్ జేబులోని కరెంటు కొట్టే షాక్ పెన్ అతని మెడకు ఆనింది. పిస్టల్ ఇసకలో పడింది. మిగతావాళ్ల సంగతి చీఫ్ ఫోన్ చేస్తే వెనకే వచ్చిన పోలీసులు చూసుకున్నారు.

లారీ తలుపు తీశారు. ఐసు దిమ్మల మధ్య కట్లతో దివ్య. పెదాలు నీలం తిరిగాయి. కట్లు విప్పగానే ఆమె అడిగిన మొదటి ప్రశ్న:

“నన్ను కట్టేసే ముందు పేజీ సూసేను. నా అచ్చరాలు తీసేసిందెవడు?”

“నేనే మేడమ్.”

“ఎందుకో?”

“పేజీ... అందంగా లేదని.”

ఆమె అతన్ని కిందికీ పైకీ చూసింది. “బావుంది బాబూ. నానిక్కడ గడ్డకట్టి సచ్చిపోతంటే, నీకక్కడ అందం కావలసొచ్చింది.”

త్రినాథ్ తలకున్న తువ్వాలు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు.

తిరుగుదారిలో అనకాపల్లి దాకా అన్నీ వంకర అక్షరాల బోర్డులే. సరిచేయడానికి త్రినాథ్ ఒక్కదానివైపూ తలెత్తలేదు.