ముల్లు ఎర్రగీత దాటితే

"గేర్‌బాక్స్‌ను మాడ్చిన మహానుభావుడు మీరేనా?" అని మెకానిక్ గారమ్మాయి అడిగిన క్షణమే అతను మనసు పారేసుకున్నాడు.

అక్కగారి ఐస్‌క్రీం బండిని ఆటోమేటిక్ ట్రక్కుకు తగిలించి, కొండ ఎక్కించబోయి పొగలు తెప్పించిన ఘనుడు మరి. షెడ్డులో అప్పటినుంచీ అతను పొగబాబు.

ఆమె గేర్‌బాక్స్ బాగుచేసి, గేర్ ఆయిల్‌కు కొత్త కూలర్ బిగించింది. ఆయిల్ వేడి చూపే మీటరూ పెట్టింది. మళ్లీ కొండెక్కే రోజున మెకానిక్ గారు పొగబాబును ఒంటరిగా పంపితే ఒట్టు. కూతుర్ని కూడా ఎక్కించి, ముల్లు ఎర్రగీత దాటితే బండి ఆపాలనీ, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి ఆయిల్ చల్లారేదాకా కదలకూడదనీ మరీ మరీ చెప్పారు.

దారంతా ఆమె చూపు ముల్లు మీదే. పలకరిస్తే ఊఁ, ఆఁ తప్ప మాట లేదు.

వాన మొదలైంది. మొదటి మలుపులోనే ముల్లు గీత దాటింది. ఆపారు. అంతే, ఆమె బిస్కెట్ పొట్లం విప్పి, చిన్నప్పుడు నాన్న స్కూటర్‌ను ఊడదీసి మళ్లీ బిగించలేక మంచం కింద దాక్కున్న కథ మొదలెట్టింది. ఆమె ముక్కు మీద గ్రీజు చుక్క. అతను బిస్కెట్ నమలడం మరిచిపోయాడు.

మళ్లీ బయల్దేరేటప్పుడు గానీ అతనికి గుర్తు రాలేదు, బరువు లాగేటప్పుడు నొక్కాల్సిన టో మోడ్ బటన్ నొక్కనేలేదని. అది లేకపోతే గేర్లు ఊరికే మారుతూ ఆయిల్ కాగిపోతుంది. నొక్కబోయి వేలు వెనక్కి తీసుకున్నాడు. వెలగని బటన్‌కు ఎడమ మోకాలు అడ్డం పెట్టాడు. ఆటోమేటిక్ బండిలో ఆ కాలికి ఎలాగూ వేరే పని లేదు.

మళ్లీ వేడెక్కింది. మళ్లీ ఆపారు. ఈసారి ఆమె బిస్కెట్లు తియ్యలేదు.

"కూలర్ సరిగ్గా బిగించలేదేమో నేను" అంది. "ఈ ట్రిప్పు సాఫీగా సాగకపోతే స్పానర్ వదిలేసి కౌంటర్‌లో కూర్చోమన్నారు నాన్న."

పొగబాబు నెమ్మదిగా మోకాలు తీశాడు.

ఆమె బటన్‌ను చూసింది. అతన్ని చూసింది. మళ్లీ బటన్‌ను చూసింది.

"ఎందుకండీ ఇలా చేశారు?"

"బండి ఆగితేనే కదా మీరు మాట్లాడుతున్నారు."

"నడుస్తుంటే మాట్లాడమని అడగడానికి నోరు లేదా?"

ఆమె తండ్రికి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. అతను నీళ్లు నములుతూనే ఉన్నదున్నట్టు చెప్పేశాడు, కూలర్ బంగారంలా ఉందనీ, బుద్ధే గడ్డి తిన్నదనీ, అదీ ప్రేమ వల్లేననీ. అవతల ఏదో బరువైన సామాను కింద పడ్డ చప్పుడు.

"అయితే కూలర్ బాగున్నట్టే. అమ్మాయి షెడ్డులోనే ఉంటుంది" అన్నారు మెకానిక్ గారు. మళ్లీ ఆయనే, "ముందు ఆ బటన్ నొక్కు బాబూ. తర్వాత మీ పెద్దవాళ్లను తీసుకురా" అన్నారు.

ఆ తర్వాత కొండపైదాకా ముల్లు కిక్కురుమనలేదు. ఐస్‌క్రీం బండిని అక్కకు అప్పగించి, ఉత్త ట్రక్కుతో తిరుగుముఖం పట్టారు. వాన వెలిసింది.

"ఆపు" అంది ఆమె, మొదటి మలుపులోనే.

"ఏమైంది?"

"వేడెక్కింది."

అతను మీటర్ వైపు వంగేలోపే ఆమె దానిమీద అరచెయ్యి మూసేసింది.

"ముల్లు చూసే పని నాది. నువ్వు ఆపు."

ఆపాడు. ఆమె బిస్కెట్ పొట్లం తీసింది.