సరంగుకి ఆదివారం పులుసు

యారాడ కొండ మలుపులో ఆ పాడుబడ్డ బంగళా సంగతి మల్కాపురంలో అందరికీ తెలిసిందే. దీపాలు పెట్టే వేళ దాటితే అటు ఎవరూ వెళ్ళరు. తెల్లచీర కట్టుకుని, లాంతరు పట్టుకుని ఒకత్తె తిరుగుతుందట... ఎవరినో పిలుస్తుందట... మా ఎల్లారావు బావ పోర్టులో క్రేను నడుపుతాడు. అబద్ధం అల్లే ఓపిక కూడా లేని మనిషి. ఇది ఆయన చెప్పిందే.

ఎనభై మూడు నాటి మాట. బావకి పిల్లల్లేరు. ఉన్నదల్లా ఓ కుక్క. దానికి పదమూడేళ్ళు. మూతి నెరిసింది, పళ్ళు సగం ఊడాయి, దూకుడు మాత్రం వీసమెత్తు తగ్గలేదు. పోర్టులో లాంచీ పెద్దని సరంగు అంటారు. ఇదీ అలాగే ముందు నడిచి అందర్నీ అదిలిస్తుందని బావ దానికి ఆ పేరే పెట్టాడు.

ఆదివారం సాయంత్రమైతే చాలు, సరంగు బావని కొండెక్కించేది. మలుపు కింద బండ దగ్గర బావ రొప్పుతూ కూలబడితే, అదొక్కటే పైకి పోయి, కాసేపటికి మూతి నాక్కుంటూ దిగేది. కొండగాలి దాని ఒంటికి పడిందని బావ మురిసిపోయేవాడు.

ఆ ఆదివారం అది దిగలేదు.

చీకటి పడింది. పిలిచాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుక్క లేకుండా గుమ్మమెక్కితే మా నూకాలక్క ఊరుకోదు. అక్క సంగతి అటుంచి, అది లేని ఇల్లు బావకే వద్దు. ఆంజనేయుణ్ణి తలుచుకుంటూ మలుపు తిరిగాడు.

బంగళా మెట్ల దగ్గర లాంతరు... తెల్లచీర...

"సరంగూ..." అంది ఆ చీర, గుసగుసగా. "ఇయ్యాల ఆలీసం అయిపోనాది... కోపం సేసుకోకు... వొచ్చి తినీ..."

బావ ఆంజనేయుణ్ణి ఇంకాస్త గట్టిగా తలుచుకున్నాడు. దెయ్యం పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలకకూడదు. మనిషైతే ఆగుతాడు. కుక్కకి శాస్త్రం ఎవరు చెప్పారు? మొదటి పిలుపుకే చీకట్లోంచి తోకాడించుకుంటూ వచ్చేసి, మెట్టు మీద పెట్టిన విస్తరాకులో మూతి పెట్టబోయింది.

"సరంగూ! ఆకు ముట్టుకోకురా! వొచ్చీరా!" అని అరిచాడు బావ.

ఆకు పెట్టి, వెనక్కి తిరక్కుండా పోతున్న ఆ చీర కెవ్వుమంది. బావ అంతకన్నా గట్టిగా కెవ్వుమన్నాడు. సరంగు మాత్రం తలెత్తకుండా తింటూనే ఉంది.

లాంతరు వెలుగులో తేలిందేమిటంటే — ఆవిడ యారాడ గంగాలమ్మ. పెనిమిటి పైడయ్య లాంచీ సరంగు. మూడేళ్ళ కిందట సముద్రంలో పోయాడు. ఆదివారాలు ఆ మెట్ల మీదే కూచుని పోర్టు చూసేవాడట. మొగుడి పేరు నోటితో అనకూడదు కాబట్టి బతికుండగా సరంగనే పిలిచేది, పోయాకా అంతే. పోయినవాళ్ళకి పెట్టాక వెనక్కి చూడకూడదు కాబట్టి, మళ్ళీ వచ్చేసరికి ఆకు ఖాళీగా ఉండడమే గానీ, ఎవరు తింటున్నారో ఏనాడూ చూడలేదు.

"అయితే... మూడేళ్ళబట్టీ తిన్నది ఈ ముసిలి కుక్కా?" అంది ఆవిడ. "సచ్చినా నా సేపల పులుసొదల్నేదని ఊరంతా సెప్పుకున్నాన్రా!"

బావ సిగ్గుతో చచ్చిపోయాడు. "తప్పయిపోనాది అప్పా. నాను దీన్ని మరిటు తేను."

సరంగు ఆకుని నాకి నాకి అద్దం చేసి, ఆవిడ మొహం కూడా చూడకుండా అటు తిరిగి ఒళ్ళు విరుచుకుంది.

"ఆయనా ఇంతే" అంది గంగాలమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "బాగుందన్న మాట నోటంట ఏనాడైనా వొచ్చిందా?"

లాంతరు అందుకుని దిగిపోతూ, నాలుగడుగులు వేశాక ఆగింది. ఈసారి వెనక్కి తిరిగి చూసింది.

"దీనికి పళ్ళే నేవు గదరా... వొచ్చే ఆదోరం ముళ్ళు తీసీసి తెత్తాను. పెందరాళే తీసుకొచ్చీ."