పుల్లన్న బోరు కాడ గీరుడు

శింగనమల దావలో క్రాసు కాడ బస్సు దిగి మా ఊరికి నడిచొస్తాంటే, సగం దూరంలో ఒక మోటారు గది కనపడతాది. కప్పు లేదు. తలుపు ఎవురో ఊడబెరుక్కొని పోయినారు. మిట్టమధ్యాహ్నం మేకలు కూడా దాని నీడకు పోవు. దాన్ని మేము పుల్లన్న బోరు అంటాం.

పుల్లన్న ఏడు బోర్లు వేయించినాడు. ఏడోది ఆ గది కాడ. తొమ్మిది వందల అడుగులు దించినా దుమ్మే లేచింది గానీ చుక్క రాలేదు. బోరు బండి వాళ్లు పైపులు పీక్కొని పోయినాక పుల్లన్న ఆడే కూలబడినాడు... మళ్ల లేయలేదు. అప్పట్నుంచి రాత్రిపూట ఆ దావన పోయినోళ్లకు ఒక శబ్దం వినపడతాదంటారు — గోళ్లతో నేల గీరే శబ్దం. నీళ్ల కోసం ఇంకా తవ్వుతానే ఉండాడంట.

నేనైతే వినలేదు. విన్నోళ్లు తిప్పేషు, వాని పెండ్లాం భారతి. భారతి నాకు చెప్పిందే మీకు చెప్తాండా.

తిప్పేషు మా వీధిలో టైలరు. చెయ్యి మంచిది. సాయంత్రమైతే మాత్రం సీసా పడాల్సిందే. భారతి అంగన్‌వాడీలో పని చేస్తాది. పోయిన యేడు ఒక రాత్రి, వాడు తాగొచ్చి గడప మీదనే పండుకొని ఉంటే, పక్కన కూర్చొని ఒకటే మాట అనింది — "ఒక యేడు ఆ తాగే దుడ్లు నా చేతికియ్యి. నీకు సముద్రం చూపిస్తా."

యాడ తగిలిందో ఏమో, వాడు మానేసినాడు. అయినా ఆ యేడంతా భారతి వాణ్ని ఒంటరిగా ఊరు దాటనియ్యలేదు. గుడ్డ కొనేదానికి అనంతపురం పోవాలన్నా వెంట ఆమె ఉండాల్సిందే.

విమానం కంపెనీ వాళ్లు చౌక టికెట్లు ఇడిసినప్పుడు, ఎనిమిది నెలల ముందే, బెంగళూరు నుంచి అండమాన్‌కు రానూ పోనూ తీసింది. కూతురు ఆశ్రితకు పరీక్షలు. అవ్వ దగ్గర ఇడిసిపెట్టి ఇద్దరే పోయినారు.

వాళ్లు తిరిగినంత తక్కువలో ఆ దీవుల్ని ఎవురూ తిరిగి ఉండరు. ఒక ముసలామె ఇంటి వెనక రేకుల గదిలో దిగినారు. ఇంటి నుంచి రాగిపిండి, చెనిగ్గింజల పొడి తీసకపోయినారు. టీ నీళ్లు కాగబెట్టే కెటిల్లోనే భారతి సంగటి గెలికింది. దీవి నుంచి దీవికి గవర్నమెంటు పడవలో, డెక్కు మీద, కొబ్బరికాయల మూటల మధ్య కూర్చొని పోయినారు. ఇద్దరికీ కలిపి ఒకటే అద్దె సైకిలు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన దంచింది. టూరిస్టులంతా చెట్ల కిందికి ఉరుకుతాంటే, అనంతపురం నుంచి వచ్చిన వీళ్లిద్దరే దావ మధ్యలో నిలబడి తడిసినారంట, నవ్వుకుంటా.

అంతా బాగుండె. చివరి సాయంత్రం చెడింది.

"ఇప్పుడే వస్తా" అని తిప్పేషు ఒక్కడే పోయినాడు. గంటకు గానీ రాలేదు. భుజాన గుడ్డ సంచి. మొగం అదోరకంగా ఉండాది.

"యాడికి పోయినావు?"

"ఊరికే... ఒడ్డున కూసుంటి."

అంతే. ఆ పొద్దు నుంచి ఆ సంచి ఇడవలేదు. "నేను మోస్తాలే" అంటే ఇయ్యలేదు. ఏర్‌పోర్టులో అది మిషన్లోకి పోతాంటే వాని నుదురంతా చెమట. బెంగళూరు నుంచి వచ్చే రైలు బండిలో తల కింద పెట్టుకొని పండుకున్నాడు.

సీసానే... అనుకునింది భారతి. యేడాది కష్టం సముద్రంలో కలిసిపోయింది. అడగాలంటే నోరు రాలేదు. అడిగితే నిజమని తెలిసిపోతాది గదా. అందుకే గమ్మున ఉండి, వాడు సంచి దించిన ప్రతిసారీ చెవి పెట్టి వినింది — గాజు చప్పుడు వస్తాదేమోనని. ఆ జనం రొదలో ఏమీ తెలీలేదు.

బండి ఆలస్యమై, ఆఖరి బస్సు పట్టుకొని క్రాసు కాడ దిగేటప్పటికి రాత్రి పది దాటింది. ఒకే ఒక ఆటో ఉండాది. ఆటోవాడు చెప్పిన ధర విని భారతి మొగం తిప్పుకునింది.

"నడుస్తాం."

"పుల్లన్న బోరు మీదుగానా?" అన్నాడు తిప్పేషు మెల్లగా.

"విమానంలో పోయొచ్చినోడివి, దెయ్యానికి బెదురుతావా?"

నడిచినారు. వెన్నెల లేదు. వాని ఫోను ఎప్పుడో చచ్చిపోయింది, ఆమెదాంట్లో ఛార్జింగు అడుగంటింది. కాళ్ల కింద గరుసు, పక్కన ఎండిన చెనిక్కాయ చేలు. గాలి లేదు.

మోటారు గది నల్లగా కనపడిన కాడ తిప్పేషు చెప్పు తెగింది. సంచి కింద పెట్టి వంగినాడు.

అప్పుడు వినపడింది.

గర్ర్... గర్ర్...

భారతి వాని చెయ్యి పట్టుకునింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టినారు. ఎవురో ఓపిగ్గా, గోళ్లతో, ఆగి ఆగి గీరుతాండారు.

"విన్నావా?" అనింది.

"మాట్లాడద్దు. నడువు."

చెప్పులు చేత పట్టుకొని, సంచి భుజానేసుకొని నడిచినాడు. శబ్దం ఆగిపోయింది. గది దాటినారు. ఎవురూ ఎనక్కి చూడలేదు. ఇంగొక ఫర్లాంగు పోయినాక భారతికి ఆయాసం వచ్చి నిలబడింది. వాడూ సంచి దించి నిలబడినాడు. నిశ్శబ్దం... ఊరి కుక్కలు కూడా అరవలేదు.

గర్ర్... గర్ర్...

ఈసారి ఇంకా దగ్గర. కాళ్ల కాడనే.

"ఎంట వస్తాన్నాడు" అన్నాడు తిప్పేషు. "పుల్లన్న మన ఎంట వస్తాన్నాడు భారతీ..."

మళ్ల ఉరికినారు. మళ్ల శబ్దం లేదు. ఊరి దీపాలు కనపడతాండాయి. అయినా భారతి ఉన్నట్టుండి ఆగిపోయింది. భయం పోయి కాదు. ఆమె బుర్రలో ఒక అనుమానం లేచింది — నడిస్తే ఆగుతాది. నిలబడితే మొదలైతాది. బోరు కాడి దెయ్యం బోరు కాడ ఉండాల గానీ, ఇంత దూరం ఎందుకొస్తాది?

"సంచి దించు."

"ఏమిటికి?"

"దించు ముందు."

వాడు దించినాడు. ఇద్దరూ కదలకుండా నిలబడినారు. ఒక నిమిషం... రెండు...

గర్ర్.

సంచిలోంచి.

"ఏముందయ్యా దాంట్లో?"

"ఏం లే. బట్టలు." అని సంచిని రెండు చేతులా ఎదకు అదుముకున్నాడు.

భారతి పెరికేసుకునింది. ఫోను లైటు వేసి, తువ్వాల లాగింది. దాని కింద రాగిపిండి తీసకపోయిన ప్లాస్టిక్ డబ్బా. మూత తెరిచింది.

లోపల ఒక శంఖం. పిడికెడంత, గోధుమ రంగుది, మెలికలు తిరిగింది. ఆమె చూస్తాంటేనే... అది లేచి నిలబడింది. కింద నుంచి కాళ్లు వచ్చినాయి. రెండు మిటకరించిన కండ్లు వచ్చినాయి. డబ్బా గోడ పట్టుకొని గీరింది.

గర్ర్... గర్ర్...

"ఓయమ్మా! ఎండ్రకాయ!"

తిప్పేషు ఆమెకన్నా ఎక్కువ ఉలిక్కిపడినాడు. "ఉత్త శంఖం అనుకుంటినే! అది... కదలనే లేదు ఆపొద్దు!"

"ఎందుకు తెస్తివి?"

"ఆశ్రిత ఫోన్లో అడిగింది. నాయనా, సముద్రం నుంచి ఏమన్నా తీసకరా, అమ్మకు చెప్పద్దు అనింది. ఒడ్డున బోర్డు పెట్టుండారు, గవ్వలు ఎత్తుకపోరాదని. నీకు చెప్తే పడేయమంటావని..."

భారతి నేల మీద కూలబడింది. నవ్వొచ్చింది, నవ్వుతోనే ఏడుపూ వచ్చింది.

"నేను సీసా అనుకుంటి."

వాడూ ఆమె పక్కన కూసున్నాడు.

"తెలుసు" అన్నాడు. "బండిలో పండుకున్నప్పుడు నా మొగం మీదికి వంగి వాసన చూసినావు. నేను నిద్రపోలేదు."

ఫోను లైటు ఆరిపోయింది. చీకట్లో డబ్బా మాత్రం గీరుతానే ఉండాది.

"ఇది ఈడ బతకదు" అనింది భారతి చివరికి.

"చెరువులో వేస్తే?"

"చెరువులో యాడుండాయి నీళ్లు? ఉన్నా, ఇది ఉప్పునీళ్లకు పుట్టింది." లేచి చీరకు అంటిన మన్ను దులుపుకునింది. "పొద్దన్నే మద్రాసు బండి ఉంటాది. జనరల్‌లో ఎక్కి పో. సముద్రం కాడ ఇడిసిరా."

"ఇద్దరం పోదాం."

"నేనెందుకు? నువ్వొక్కడివే పో."

వాడు ఆ చీకట్లోనే ఆమె మొగం చూసే యత్నం చేసినాడు. ఆమె చెంగు ముడి విప్పి, మిగిలిన నోట్లు ఎన్నో చూడకుండానే వాని చేతిలో పెట్టింది.

ఆ రాత్రి ఆశ్రిత తడిగుడ్డ పరిచిన తట్టలో దాన్ని పెట్టుకొని, పక్కనే ముంతలో ఉప్పు కలిపిన నీళ్లుంచి, నిద్రపోకుండా కూసునింది. తెల్లారి తిప్పేషు డబ్బా మూతకు బెజ్జాలు పొడిచి, రైలు అందుకునేదానికి ఒక్కడే బస్సెక్కినాడు.

ఆ రోజంతా ఫోను లేదు. మరుసటి దినమూ లేదు. అంగన్‌వాడీలో పిల్లోళ్లకు గుడ్లు పెడతా భారతి రెండుసార్లు రోడ్డు మీదికి వచ్చి చూసింది. మూడో దినం సాయంత్రం బస్సు దిగి, కుట్టిన చెప్పులతో, నిదానంగా నడిచొచ్చినాడు. ప్యాంటు మోకాళ్ల దాకా ఉప్పు కట్టి తెల్లగా ఉండాది.

భారతి దాన్ని చూసింది. చెంబుతో నీళ్లిచ్చి, వాడు తాగేదాకా నిలబడింది.

"ఇడిస్తే ఏం చేసింది?" అనింది.

"ఏం చేస్తాది?" అన్నాడు తిప్పేషు, మూతి తుడుచుకుంటా. "ఎనక్కి కూడా చూడలేదు. ఉరికింది."