ఉలికిదీపం

ఈ శతాబ్దం చివరికొచ్చేసరికి, బారసాలకి ముందు బిడ్డ నుదుటికి పలుకుపట్టీ కట్టించడం ఆనవాయితీ అయిపోయింది. విశాఖలో పట్టీ కట్టే కేంద్రం ముందు పొద్దున్నే పొత్తిళ్లతో తల్లులు కూర్చుంటారు. పట్టీలోంచి అర్థంలేని అక్షరాలు ఆగకుండా వినిపిస్తాయి. దేని తరవాత ఏది వస్తుందో పసిమెదడు తనంతట తానే పసిగడుతుంది. వరస తప్పినచోట ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికితరంగాన్ని సెన్సర్ పట్టుకుని చిన్న నీలం దీపం వెలిగిస్తుంది. జనం దాన్ని ఉలికిదీపం అంటారు. అది వెలగని బిడ్డకి మాటలు ఆలస్యం కాకుండా వెంటనే వైద్యం మొదలుపెడతారు.

ఆ పట్టీని కనిపెట్టిన భానోజీరావు పెట్టిన షరతు ఒక్కటే: పసిపిల్లలకి తప్ప ఇంకెవరికీ కట్టకూడదు. శిష్యురాలు హైమవతి కూడా ఆ షరతు కింద సంతకం పెట్టింది.

రోజూ తల్లుల్ని లోపలికి పిలిచేముందు ఇద్దరూ చెరో పట్టీ తగిలించుకుని, ఒకరికొకరు ఊహించని మాటేదో చెప్పి పట్టీలు సరిచూసుకునేవారు; షరతుకి మినహాయింపు అదొక్కటే. ఆ రోజు ముందు హైమ ఏదో తమాషా మాటంది. ఆయన దీపం వెలిగింది. ఇక ఆయన వంతు.

"హైమా, మన పట్టీని విచారణ గదుల్లో ముద్దాయిలకి కడుతున్నారట. ఏ సంగతి వాళ్లకి ముందే తెలుసో దీపం వెలగకపోవడమే పట్టిచ్చేస్తుందట."

ఆమె కళ్లు పెద్దవి చేసింది. "అయ్యో, ఎవరు చెప్పారు మాస్టారూ?"

దీపం వెలగలేదు.

పట్టీ పాడైందనుకున్నాడు. అలా అనుకోవడం కాస్త హాయిగా ఉంది. "పోనీ ఇది విను. మన లిఫ్టులో ఏనుగు పెసరట్టు తింటోంది."

చటుక్కున నీలంగా వెలిగింది. ఆమె నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"నేనే ఇచ్చాను," అంది చివరికి. "ఇవ్వకపోతే ఈ కేంద్రం మూసేస్తామన్నారు పైవాళ్లు. బయట కూర్చున్నవాళ్లంతా ఎక్కడికి పోతారు? మీకు చెబితే ఒప్పుకోరు కదా."

"అడిగి చూడాల్సిందమ్మా. నా పక్కనే కూర్చుని, నా చేత్తో చేసినదాన్ని..."

మాట పూర్తి కాలేదు. వెనక్కి తూలాడు. ఆమే కుర్చీ జరిపింది. ద్రోహం చేసిన చెయ్యే అది. అయినా జరిపింది కాబట్టే కూలబడకుండా కూర్చోగలిగాడు.

ఎప్పట్నుంచి సాగుతోంది ఇదంతా, అని అడగబోయి తలెత్తాడు. ఆమె చూపు ఆయన నుదుటి మీద ఉంది.

"నేనే ఇచ్చానన్నప్పుడు మీ దీపం కూడా వెలగలేదు, మాస్టారూ."

అద్దం తలుపులో చూసుకున్నాడు. నీలం లేదు.

షరతు మాట ఎత్తినప్పుడల్లా ఆమె "మందు వేసుకున్నారా" అనడం, పైనుంచి ఫోనొస్తే బాల్కనీలోకి వెళ్లడం, తిరిగొచ్చి మరీ ప్రేమగా టీ కలపడం. దేని తరవాత ఏది వస్తుందో ఆయన మెదడు ఎప్పుడో పసిగట్టింది. ఆయనే వినిపించుకోలేదు. టీ బావుందని ఊరుకున్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" హైమ తన పట్టీ విప్పేసింది. "తెలిసీ నన్నొక్కదాన్నే మోయనిచ్చారా ఇన్నాళ్లూ?"