నీళ్లకు భయపడ్డ మామిడిపండు

"మన ఇన్‌ఫార్మర్‌ను పొద్దున కార్వాన్ బస్తీలో చంపేశారు," అన్నాడు సెక్షన్ చీఫ్ రామలింగయ్య. "చివరి మెసేజ్ ఇది. ఒక మామిడిపండులో టెంక తీసేసి, విషవాయువు నింపిన క్యాప్సూల్ పెట్టారు. గట్టిగా పిసికితే పగులుతుంది. గదిలో ఒక్కరూ మిగలరు."

"టార్గెట్?" అడిగాడు ఏజెంట్ ముష్తాక్.

"నీ వాళ్లే. కిషన్‌బాగ్ పెళ్లింటికి నువ్వు పంపిన బుట్టలో ఉంది. పోయినేడు నువ్వు పట్టించిన విదేశీ రింగ్ పగ తీర్చుకుంటోంది."

ముష్తాక్ కుర్చీలోంచి లేచాడు. ఏళ్ల తరబడి పండ్ల వ్యాపారి వేషం వేస్తున్నాడు. అసలు ఉద్యోగం సొంత అక్క కుబ్రాకు కూడా తెలియదు. మేనకోడలు తహ్రీమ్ పెళ్లికని ఆ రసాల బుట్టను తన చేతులతోనే ఆటో ఎక్కించాడు.

ఫోన్ చేశాడు. పెళ్లింట్లో బ్యాండ్ మోతకు ఎవరూ ఎత్తలేదు.

"కొయ్యలేం. నొక్కలేం," అంది టెక్నికల్ ఆఫీసర్ సాయిప్రియ, చేతిలో ఇమిడే పరికరం చూపిస్తూ. "ఇది అకౌస్టిక్ మీటర్. పండును మెల్లగా తట్టి, లోపలి ప్రకంపనలు వింటుంది. పచ్చి, దోర, పండు, అన్నీ చెప్తుంది. లోపల టెంక లేకపోతే రెడ్ లైట్."

సాయిప్రియ అందగత్తె. ఆ సంగతి అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఎప్పటిలాగే ముష్తాక్ దుకాణం అకౌంటెంట్ వేషంలో బయల్దేరింది. డ్రైవర్ వేషంలో ఏజెంట్ అమాన్.

కిషన్‌బాగ్. పెళ్లింటి గేటు లోపలే బుట్ట ఉంది. సాయిప్రియ ఒక్కో పండునూ తట్టింది. అన్నిటికీ గ్రీన్ లైట్.

"ఆల్ క్లియర్. లోపలికి పంపండి."

బుట్ట లోపలికి పోయింది. ముష్తాక్ ఊపిరి పీల్చుకున్నాడు. మీటర్ అందుకుని ఊరికే గేటు పక్క గోడకు ఆనించాడు.

గ్రీన్ లైట్. స్క్రీన్ మీద 'పండు, టెంక ఉంది' అని పడింది.

గోడ కూడా పండిందట!

వెనక్కి తిరిగాడు. సాయిప్రియ చేతిలో లిప్‌స్టిక్. దాని కొసన సన్నని రంధ్రం అతని గుండెకు ఎదురుగా ఉంది.

"ఎప్పటి నుంచి?"

"మొదటి నుంచీ. కదలకు. నువ్వు బతికి, వాళ్ల చావు చూడాలి. అదే నాకొచ్చిన ఆర్డర్."

ముష్తాక్ మీటర్‌ను ఆమె ముఖానికి విసిరికొట్టాడు. గుండు గోడలో దిగింది. రెండో గుండు పేలేలోపు అమాన్ ఆమె చెయ్యి విరిచి పట్టుకున్నాడు. బ్యాండ్ మోతలో ఎవరికీ ఏమీ వినిపించలేదు.

ముష్తాక్ ఆడవాళ్ల గదిలోకి దూసుకుపోయాడు.

"మగోళ్లకు ఈడ ఏం పని? బయటికి నడువు!" అని ఆడవాళ్లంతా మీద పడ్డారు.

పసుపు బట్టల్లో తహ్రీమ్. రెండు చేతుల మధ్య రసం పండు. వేళ్లు బిగుసుకుంటున్నాయి.

"పిసకకు!"

"ఏమైంది మామూ?"

కుబ్రా లేచింది. "ఏం లొల్లి పెడుతున్నవ్‌రా? అసలే నా మూడ్ ఖరాబైంది. నానబెట్టకుంట రసాలు ఎవలన్న తింటరా? మీ అకౌంటెంట్ పొద్దున ఫోన్ చేసి, నీళ్లల్ల ఎయ్యొద్దు, రంగు పోతదన్నది!"

ఏ ఇంట్లోనైనా మామిడిపళ్లు తినేముందు నీళ్లలో వేస్తారు. దానికి సాయిప్రియ ఎందుకు భయపడింది? టెంక లేదు, లోపల ఉన్నది గాలి. మునగదు!

"ఆపా, టబ్బు! నీళ్లు! జల్దీ!" అని అక్కను కేకేశాడు.

టబ్బు తహ్రీమ్ చేతుల కిందికి వచ్చింది.

"మెల్లగ వదులు, బేటా. నొక్కకు."

ఆమె వేళ్లు విప్పింది. పండు మునగలేదు. టబ్బు అంచు దాకా తేలుకుంటూ వచ్చి ఆగింది. మిగతావన్నీ ఒక్కొక్కటిగా వేశాడు. అన్నీ అడుగుకు చేరాయి. ముష్తాక్ పక్కకు వెళ్లి చీఫ్‌కు ఫోన్ చేశాడు.

కాసేపటికి ఫుడ్ ఇన్‌స్పెక్టర్ల వేషంలో బాంబ్ స్క్వాడ్ వచ్చి, కార్బైడ్‌తో మగ్గబెట్టిన పండని చెప్పి టబ్బుతో సహా ఎత్తుకుపోయింది.

కుబ్రా నడుం మీద చేతులు పెట్టుకుని తమ్ముడి ముందు నిలబడింది.

"సొంత మేనకోడలికి గిట్లాంటి పండు పంపినవా? ఇన్నేండ్ల సంది నువ్వు అసలు ఏం దందా చేస్తున్నవ్‌రా?"

ఏ శత్రువూ ముష్తాక్‌ను ఇంత సూటిగా ప్రశ్న అడగలేదు. తల దించుకుని తిట్లన్నీ తిన్నాడు.