పచ్చ బల్బులు దాటని గొంతు

పదో బల్బు కూడా వెలగగానే పిడుగు కుర్చీలోంచి ఎగిరి గంతేసింది.

పిడుగు అసలు పేరేమిటో స్కూలు రిజిస్టరుకే తెలియాలి. ఆరో క్లాసు చదివే ఆ పిల్ల చేతికి ఏ వస్తువు చిక్కినా స్క్రూలు ఊడదీయందే ఊరుకోదు. అందుకే అమ్మమ్మ ఆ ముద్దుపేరు పెట్టింది.

ఈసారి పిడుగు చేతికి చిక్కినవి కంప్యూటర్ స్పీకర్లు. దానికో కారణం ఉంది. అమ్మ ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రపోతుంది. అమ్మమ్మకేమో వినికిడి తక్కువ. ఫోనులో మాటలు అందవు. అందుకని వేరే ఊళ్లో ఉన్న ఆవిడ చెల్లెలు వారం వారం తన కబుర్లు రికార్డు చేసి పంపిస్తుంది. అమ్మమ్మ కూడా అలాగే జవాబు పంపుతుంది. హెడ్‌ఫోన్స్ పెడితే చెవి మిషన్ కీచుమంటుంది కాబట్టి అమ్మమ్మకు స్పీకర్లే దిక్కు.

అమ్మమ్మ సౌండ్ పెంచితే పక్కగదిలో అమ్మ ఉలిక్కిపడి లేచేది.

"అయ్యో, బంగారంలాంటి నిద్ర పాడుచేశానే!" అని అమ్మమ్మ తెగ నొచ్చుకునేది.

పిడుగు ఊరుకుంటుందా? రేడియోలు బాగుచేసే మామయ్య షాపులో కూర్చుని, సౌండ్ ఎంతుందో చూపించే దీపాల పట్టీ తయారుచేసింది. మామయ్య ప్లగ్గు పీకేసి, స్పీకర్ విప్పి రెండు వైర్లు బయటికి తీశాడు. చిన్న బోర్డు మీద పది బల్బులు వరసగా అతికించింది పిడుగు. సౌండ్ పెరిగేకొద్దీ అవి ఒక్కొక్కటే వెలుగుతాయి. మొదట ఆరు పచ్చవి, తర్వాత రెండు పసుపువి, చివర రెండు ఎర్రవి. పదోది కూడా వెలగగానే పిడుగు గంతేసింది అందుకే.

"ఎంత సౌండుకు ఏ బల్బు వెలగాలో ఈ బుల్లి స్క్రూ తిప్పి చూసుకోవాలి. వినేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి తల్లీ," అన్నాడు మామయ్య.

"నాకు తెలుసులే మామయ్యా!" అంటూ పిడుగు ఇంటికి పరుగు తీసింది.

ఎవరినీ పిలవలేదు. స్పీకర్ ముందు తనే కూర్చుంది. తన చెవులకు గోలగా తోచిన చోట ఎర్ర బల్బు వెలిగేలా స్క్రూ తిప్పేసింది.

"అమ్మమ్మా, పచ్చవి వెలిగినంతసేపూ ఏం ఫరవాలేదు. ఎర్రది వెలిగితే అమ్మకు మెలకువ వచ్చేస్తుంది. గుర్తుంటుందా?"

"ఎందుకుండదే? నా మనవరాలు చేసింది!" అని అమ్మమ్మ మురిసిపోయింది.

రెండు వారాలు అమ్మ ఆదమరచి నిద్రపోయింది. పిడుగు కాళ్లు నేల మీద ఆనలేదు. క్లాసులో అందరికీ ఈ సంగతి చెప్పింది. విన్నవాళ్లకే మళ్లీ చెప్పింది.

ఆ శనివారం మధ్యాహ్నం పిడుగు గదిలోకి వచ్చేసరికి అమ్మమ్మ దూరంగా తన కుర్చీలో కూర్చుని ఉంది. స్పీకర్లో చిన్నమ్మమ్మ గొంతు సన్నగా వినిపిస్తోంది.

"అక్కా, గురువారం నా మోకాలికి ఆపరేషన్ అని పోయినసారే చెప్పాను కదే. భయంగా ఉందన్నాను. నువ్వేమో వానల సంగతి చెప్పి ఊరుకున్నావు. నా మీద ఏమన్నా కోపమా?"

పిడుగు గతుక్కుమంది.

"అమ్మమ్మా! చిన్నమ్మమ్మ ఏం చెప్పింది?"

"అంతా కులాసాయేనట," అంది అమ్మమ్మ నవ్వుతూ. "చూశావా, ఒక్క ఎర్ర బల్బు కూడా వెలగనివ్వలేదు!"

అమ్మమ్మ ఇంతసేపూ బల్బులనే చూస్తూ కూర్చుంది.

"నీకు... వినపడలేదా?"

అమ్మమ్మ నవ్వు ఆగిపోయింది. "గొంతు వస్తోందే. మాటలే తెలియడం లేదు. నువ్వు అంత ఇష్టంగా చేశావు. అమ్మకు నిద్ర కూడా పడుతోంది. ఇంకేం కావాలి నాకు?"

పిడుగుకు ఏడుపొచ్చేసింది. చిన్నమ్మమ్మ అడిగినదంతా అమ్మమ్మ చెవి దగ్గర గట్టిగా చెప్పింది. అమ్మమ్మ ముఖం పాలిపోయింది.

"అయ్యో, నా పిచ్చి చెల్లీ! నాకు కోపమనుకుందా?"

పిడుగు ఇంకో మాట లేకుండా మామయ్య షాపుకు పరుగెత్తింది. జరిగింది చెప్పింది. మామయ్య కోప్పడలేదు. పొడవాటి వైరు ఒకటి చుట్టి చేతికిచ్చాడు.

ఆ వైరుతో స్పీకర్లు బల్ల మీద నుంచి అమ్మమ్మ కుర్చీ పక్కకు వచ్చాయి. దీపాల పట్టీని పిడుగు గోడ వైపు తిప్పేసింది.

"మాటలు తెలియగానే చెయ్యెత్తు అమ్మమ్మా. నేను ఆపేస్తాను."

మెల్లమెల్లగా సౌండ్ పెంచుతూ అమ్మమ్మ ముఖమే చూసింది. కాస్త పెంచింది. లేదు. ఇంకాస్త పెంచింది. అమ్మమ్మ చెయ్యి లేచింది. పిడుగు పిల్లిలా నడిచి వెళ్లి అమ్మ గది తలుపుకు చెవి ఆనించింది. అమ్మ చిన్న గురక మాత్రమే వినిపించింది. అప్పుడు వచ్చి, అంతకు మించితేనే ఎర్ర బల్బు వెలిగేలా స్క్రూ తిప్పింది.

అమ్మమ్మ ఆ రికార్డు మొదటి నుంచి విన్నది. పోయిన వారాలవీ విన్నది. కళ్లు తుడుచుకుని మైకు దగ్గరికి తీసుకుంది.

"ఒసేయ్, నీ మీద నాకు కోపమేమిటే? నాకే సరిగా వినపడలేదు. గురువారం లోపలికి వెళ్లే ముందు ఇది పెట్టుకుని విను. అక్క పక్కనే ఉందనుకో. నీ చెయ్యి పట్టుకునే ఉన్నాననుకో."

"పంపించెయ్యవే," అంది అమ్మమ్మ.

"ఒక్క నిమిషం ఆగు," అంటూ పిడుగు మైకు మీదికి వంగింది. "చిన్నమ్మమ్మా! అమ్మమ్మ మాటలు నీకు బాగా తెలుస్తున్నాయా? లేకపోతే మొహమాటపడకుండా చెప్పు. మళ్లీ రికార్డు చేస్తాం."