మా అత్త ఇచ్చిన రాయి

రాత్రి పడిన వానకు వజ్రకరూరు చుట్టుపక్కల చేలన్నీ మెత్తబడ్డాయి. చెనిక్కాయ, అదే వేరుశనగ, విత్తడానికి పదును చాలుతుందో లేదో చూసొస్తానని చిన్నక్క తెల్లవారగానే చేనికి వెళ్లిపోయింది. ఇంట్లో మిగిలిన ఆమె కోడలు హేమ పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ తెరిచింది. ఒక కథల సైటుకు ఆమె ప్రతి ఆదివారం ఇంటి కబుర్లు రాస్తుంది. ఈ వారంది అప్పుడే వచ్చింది. పేరు "మా అత్త ఇచ్చిన రాయి". కింద చిన్నక్క చేలో నిలబడి ఉన్న ఫోటో.

ఆ పేరు తట్టినందుకు హేమకు తన మీద తనకే ముచ్చటేసింది. పెళ్లయ్యాక చాలాకాలం ఆమె కలం ముట్టలేదు. ఒకరోజు అత్త వంటింట్లోకి వచ్చి, "నువ్వు పోయి రాయి, ఈ పని నేను చూసుకుంటా" అంది. అత్త తనకిచ్చిన "రాయి" ఆ మాటేనని చివరి వాక్యంలో విప్పి చెప్పింది హేమ. చదివినవాళ్లు అక్కడ నవ్వాలి, కాస్త కళ్లు తుడుచుకోవాలి. రాసేవాళ్లకు పొగడ్త మీద ఉండే యావ ఇంతా అంతా కాదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా ఆమె చూసుకోలేదు.

వాకిట్లో మోటారుసైకిలు ఆగింది. తలలకు తువ్వాళ్లు చుట్టుకున్న ఇద్దరు కొత్త మనుషులు చిన్నక్క ఇల్లు ఇదేనా అని అడిగారు. రాయి గురించి ఫోన్లో చూసి వచ్చామన్నారు. ఇంటిదాకా వెతుక్కుంటూ వచ్చిన పాఠకులను హేమ అంతకుముందు ఎరగదు. మంచినీళ్లిచ్చి, అత్త ఊరి పక్కన పారే వంకకు అవతలి చేలో ఉందని దారి కూడా చెప్పింది.

వాళ్లు వెళ్లిన కాసేపటికి పక్కింటి పుల్లన్న వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"ఏమ్మా హేమా, రాయి సంగతి మేమూ చూసినాంలే."

"బాగుందా మామా?"

"బాగుండకేమి? యాడ దాచిపెట్టినారు?"

ఆయన ఏ రాయి గురించి అడుగుతున్నాడో హేమకు అప్పుడు వెలిగింది. ఆ ఊళ్లో వజ్రాన్ని ఎవరూ వజ్రం అనరు, రాయి అంటారు. తొలకరి పడితే చాలు, జనం చేలల్లో తల వంచుకుని రాళ్లు వెతుకుతారు. దొరికినవాళ్లు సొంత తోబుట్టువులకైనా చెప్పరు. మడకశిర నుంచి వచ్చిన కోడలైనా ఈ మాట ఆమె వినకపోలేదు, రాసేటప్పుడు గుర్తు రాలేదంతే. ఎవరో కథ పేరునూ ఫోటోనూ మాత్రం కోసి గ్రూపుల్లో పెట్టారు. చివరి వాక్యం దాకా చదివినవాడు లేడు. దొంగలకు దారి చూపించింది తనే.

అత్తకు ఫోన్ చేస్తే అది గూట్లోనే మోగింది. భర్త ఓబిలేష్‌కు చేసింది. మోటార్లకు వైండింగ్ చేసే కొట్టు వదిలేసి అతను పరుగున వచ్చాడు. సంగతి వినగానే బండి తీశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. బండి వెనక కూర్చుని మొక్కని దేవుడు లేడు. ఇంత భయంలోనూ తన మనసు జరగబోయేదాన్ని వాక్యాలుగా పేర్చుతోందని గమనించి, తనంటే తనకే అసహ్యం వేసింది.

చేలో చిన్నక్క గట్టు మీద కూర్చుని ఉంది. ఆ ఇద్దరూ ఆమెకు అటూ ఇటూ నిలబడి ఉన్నారు. ఒకడి చేతిలో కట్టె ఉంది. రాయి చూపిస్తేనే కదులుతామని వాడంటున్నాడు. ఓబిలేష్ ముందుకు ఉరకబోతే చిన్నక్క చేత్తో ఆగమంది. హేమ ఫోన్ తెరిచి చివరి వాక్యం గట్టిగా చదివింది.

"రాయి అంటే మాటా? ఎవురికి చెప్తాండావు?" అన్నాడు కట్టె పట్టుకున్నవాడు.

చిన్నక్క తాపీగా కొంగు ముడి విప్పింది. అందులో ఆకూ వక్కా తప్ప ఏమీ లేవు.

"నా కోడలు కతలు రాస్తాదప్పా. కతలంటే అన్నీ అబద్ధాలే గదా. ఆయమ్మ పనే అది. దాన్ని నమ్మి ఇంత దూరం వస్తిరా?"

నిజం చదివితే నమ్మనివాళ్లు ఆ మాట నమ్మారు. అప్పటికి సంగతి తెలిసి పుల్లన్న వెంట ఊళ్లోవాళ్లు కొందరు వంక దాటి వస్తున్నారు. ఇద్దరూ బండెక్కి వెళ్లిపోయారు.

అప్పుడు ఓబిలేష్ కోపం బయటపడింది. ఈ రాతలు ఈరోజుతో ఆఖరన్నాడు. ఇక రాయనని హేమ అత్త చేతులు పట్టుకుని ఒట్టేయబోయింది. చిన్నక్క చేతులు వెనక్కి తీసుకుంది.

"ముందు అదంతా నాకు చదివి చెప్పు. మొదుట్నుంచి."

హేమ చదివింది. వింటున్నంతసేపూ చిన్నక్క నేలకేసి చూస్తూ కూర్చుంది.

"ఆ పొద్దు నువ్వు పొయ్యికాడ కూచోని ఏడుస్తాంటివి. అది చూసే నేను ఆ మాట అనింది. అదేల రాయలేదు?"

హేమ ఫోన్ మూసేసింది.

"నన్ను ఊరందరికీ చూపిస్తివి. నీ ఏడుపు మాత్రం దాచుకుంటివి."

ఆ మాటల్లో కోపం లేదు, అందుకే హేమ తట్టుకోలేకపోయింది. అత్త ఒడిలో తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. మనసులోది దాచకుండా రాస్తానని ఇన్నాళ్లూ గర్వపడింది. రాసినవన్నీ ఇతరుల సంగతులేనని ఇప్పుడు తెలిసింది.

"భయమేసింది అత్తా. ఇంగ నాకు రాసేది రాదేమో, ఊరికే అట్లా వండి పెడతా ముసలిదాన్నైపోతానేమో అని. ఎవురికీ చెప్పల్యాకపోతి."

"ఈసారి అది రాయి," అంది చిన్నక్క, ఆమె తల నిమురుతూ. "నా ఫోటో మాత్రం ఒద్దు."

ఓబిలేష్ తడి గట్టు అని కూడా చూడకుండా భార్య పక్కన కూర్చున్నాడు.

"ఒకే ఇంట్లో ఉండాము," అన్నాడు మెల్లగా. "నాకన్నా చెప్పకూడదా?"